దూరప్రయాణపు మోటారు సైకిలుకు వెనుక షాక్ అబ్జార్బర్ల ఎంపిక

మోటారు సైకిలు వెనుక చక్రమును ఫ్రేముతో కలుపుతూ, రోడ్డు ఎగుడుదిగుళ్ళ వలన కలిగే కుదుపును తగ్గించే పరికరమును వెనుక షాక్ అబ్జార్బరు అంటారు. వాడుకలో వీటిని షాకబ్జర్లు, షాకులు అని కూడా పిలుస్తారు. బండితో పాటు కంపెనీ బిగించి ఇచ్చినవి అరిగిపోయినప్పుడు, లేదా ఇద్దరు మనుషులు, సామానుతో దూరప్రయాణాలు చేయుటకు అవి చాలనప్పుడు, వేరే తయారీదారుల షాకులను విడిగా కొని బిగించుకోవడం పరిపాటి. ఈ ఎంపికలో ధర, రూపము కన్నా ముందు చూడవలసినవి స్ప్రింగు గట్టిదనం, పొడవు, డ్యాంపింగు. వీటిలో పొరపాటు జరిగితే నడుము నొప్పితో ఆగదు. బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు టైరు రోడ్డును వదిలే ప్రమాదం ఉన్నది.

సూళ్లూరుపేట ప్రాంతములో అవసరం

కాళంగి నది ఒడ్డున ఉన్న సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ 4 వరకు నెల్లూరు జిల్లాలోను, ఆ తరువాత తిరుపతి జిల్లాలోను భాగము. చెన్నై నుండి కోల్‌కతా వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 5వ నంబరు) ఈ పట్టణం మీదుగా పోతుంది. ఇక్కడి నుండి తూర్పుగా పులికాట్ సరస్సును దాటుతూ శ్రీహరికోటకు రోడ్డు ఉన్నది. రాకెట్ ప్రయోగాలు చూడడానికి, నేలపట్టు పక్షుల కేంద్రానికి, చెంగాళమ్మ గుడికి మోటారు సైకిళ్ళపై వచ్చేవారు ఈ రెండు దారులనూ వాడతారు.

ఈ రెండు దారులు షాకులను రెండు రకాలుగా పరీక్షిస్తాయి. జాతీయ రహదారిపై వేగము ఎక్కువ, కుదుపు తక్కువ. అక్కడ వంతెనల అతుకుల వద్ద బండి ఒక్కసారి ఎగిరి, వెంటనే కుదుటపడాలి. సరస్సు వైపు సమస్య ఉప్పు. చిలికా తరువాత దేశములో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎండాకాలములో నీరు తగ్గిన చోట్ల ఉప్పు కలిసిన మట్టి దుమ్ముగా లేస్తుంది. ఇది షాకు కడ్డీకి ఉన్న క్రోమియం పూతపై పట్టి, తుడవకుండా వదిలితే సన్నని గుంటలు పెడుతుంది. గుంటలు పడిన కడ్డీ లోపలికి బయటికి కదిలే ప్రతిసారి రబ్బరు సీలును గీస్తుంది. సీలు చినిగి నూనె కారడం మొదలైతే షాకు పని చాలావరకు ముగిసినట్లే. సముద్రతీర ప్రాంతములో కొనేవారు కడ్డీకి దుమ్ము తగలకుండా కప్పు ఉన్నదా, విప్పి సీలు మార్చుటకు వీలున్నదా అని అడగడం మంచిది. విప్పుటకు వీలులేని రకమును చెడిపోయాక పారవేయవలసిందే.

చరిత్ర

తొలినాటి మోటారు సైకిళ్ళకు వెనుక వైపు షాకులు లేవు. చక్రమును ఫ్రేముకు కదలకుండా బిగించి, సీటు కింద మాత్రం స్ప్రింగులు పెట్టేవారు. ఒక చివర ఫ్రేముకు కీలుతో కలిసి, రెండవ చివర చక్రముతో పైకి కిందికి ఊగే స్వింగ్ ఆర్మ్ పద్ధతి రెండవ ప్రపంచ యుద్ధము తరువాత వ్యాపించినది. బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెక్‌కాండ్లెస్ రూపొందించిన ఫెదర్‌బెడ్ ఫ్రేముతో నార్టన్ కంపెనీ 1950లో పందెపు బండ్లను దించినది. అంతకు కొంచెం ముందే, 1948-49 కాలములో, రాయల్ ఎన్‌ఫీల్డ్ తన బుల్లెట్‌కు స్వింగ్ ఆర్మ్‌ను, రెండు వెనుక షాకులను అమర్చినది. 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మద్రాసు ఉత్తర శివారు తిరువొత్తియూరులో ఈ బండి తయారైనది. ఆ విధముగా సూళ్లూరుపేటకు వంద కిలోమీటర్ల లోపే, స్వింగ్ ఆర్మ్ గల బండ్ల తయారీ ఏడు దశాబ్దాలుగా సాగుతున్నది.

షాకు లోపల నూనెతో పాటు అధిక పీడనములో వాయువు నింపే పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ 1950ల తొలినాళ్ళలో వాడుకలోకి తెచ్చినాడు. 1973లో యమహా కంపెనీ బెల్జియం ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచన ఆధారముగా రెండు షాకులకు బదులు ఒకే షాకు గల బండ్లను మోటోక్రాస్ పందాలలో ప్రవేశపెట్టినది. మోనోషాక్ అనే మాట అప్పటి నుండే ప్రచారములోకి వచ్చినది.

పనిచేయు విధానము

షాక్ అబ్జార్బరులో రెండు వేరు పనులు చేసే భాగాలు ఉంటాయి. బయట కనిపించే స్ప్రింగు బరువును మోస్తుంది. హుక్ సూత్రము ప్రకారం ఎంత బలముతో నొక్కితే అంత నిష్పత్తిలో కుంచించుకుంటుంది. కాని స్ప్రింగు ఒక్కటే ఉంటే, ఒక గుంత దాటిన తరువాత బండి చాలాసేపు ఊగుతూనే పోతుంది. ఆ ఊపును ఆపేది లోపలి గొట్టములోని నూనె. పిస్టను కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల ద్వారా, పలుచని ఉక్కు బిళ్ళలను వంచుకుంటూ అటూ ఇటూ పోతుంది. ఈ ఒరిపిడిలో కదలిక శక్తి వేడిగా మారుతుంది. భౌతికశాస్త్ర పాఠాలలో వచ్చే అవరుద్ధ డోలనాలకు ఇది మంచి ఉదాహరణ.

షాకు కుంచించుకునేటప్పటి నిరోధము వేరు, తిరిగి సాగేటప్పటిది వేరు. సాగేటప్పుడు సాధారణముగా ఎక్కువ నిరోధము ఉంచుతారు, ఎందుకనగా నొక్కబడిన స్ప్రింగు తనలో దాచుకున్న శక్తినంతా ఆ సమయములో బండిని పైకి ఎగరవేయుటకు వాడుతుంది. అయితే ఈ నిరోధము మితిమీరితే చక్రము కిందికి దిగేలోపే రెండవ గుంత వస్తుంది. వరుస గుంతలలో షాకు అంచెలంచెలుగా కుంగిపోయి, చివరికి కదలిక లేని కట్టెలా మారుతుంది.

పుట్టిన వేడి ఎక్కడికి పోవాలన్నది దూరప్రయాణములో అసలు ప్రశ్న. వేడెక్కిన నూనె స్నిగ్ధత తగ్గుతుంది. నూనె, గాలి ఒకే గొట్టములో కలిసి ఉండే చౌక రకములో నూనె నురగగా మారి, పిస్టనుకు నిరోధము లేకుండా పోతుంది. నెల్లూరు తీరపు మే నెల ఎండలో, ఇద్దరితో, సామానుతో పాడైన రోడ్డుపై గంట నడిచిన తరువాత బండి ఊగడం మొదలైతే కారణము తరచుగా ఇదే. కదిలే మూత ద్వారా నూనెను, నత్రజనిని వేరు చేసే షాకులలో ఈ బాధ తక్కువ. పక్కన చిన్న డబ్బా గల రకాలలో నూనె పరిమాణము ఎక్కువ కాబట్టి వేడి ఎక్కుట మరింత నిదానము. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. బజారులో దొరికే కొన్ని చౌక షాకులకు ఉండే డబ్బా కేవలం అలంకారము, దాని లోపల ఏమీ ఉండదు.

బరువు లెక్క

స్ప్రింగు ఎంపికకు కొంత లెక్క కావాలి. ఉదాహరణకు ఒక బండి వెనుక షాకులపై దాని సొంత బరువు 80 కిలోలు పడుతున్నదనుకుందాం. 75 కిలోల నడిపేవారు కూర్చుంటే అందులో సుమారు 50 కిలోలు వెనుకకు వస్తుంది, మొత్తం 130. వెనుక 60 కిలోల మనిషి, 20 కిలోల సామాను చేరితే, ఈ బరువు దాదాపు అంతా వెనుక చక్రముపైనే పడుతుంది కాబట్టి మొత్తం 205 కిలోలు దాటుతుంది. అనగా ఒంటరిగా వెళ్ళేటప్పటి కన్నా ఒకటిన్నర రెట్లకు మించిన భారము. చక్రము వద్ద కొలిచిన స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 3 కిలోలైతే, అదనపు 75 కిలోలకు బండి 25 మిల్లీమీటర్లు కుంగుతుంది.

ఈ సంఖ్య చిన్నదిగా తోచవచ్చు. కాని 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650లో వెనుక చక్రము కదలగల దూరము మొత్తం 88 మిల్లీమీటర్లే. 2023లో అమ్మకానికి వచ్చిన, 241 కిలోల బరువు గల సూపర్ మీటియార్ 650లో అది 101. పై ఉదాహరణలో ఒంటరిగా ఉన్నప్పుడే 28 మిల్లీమీటర్లు కుంగిన బండి ఇద్దరితో 53 కుంగితే, గుంతల కోసం మిగిలేది 35 మాత్రమే. ఒక మోస్తరు గుంతకే షాకు అడుగు తగిలి, ఆ దెబ్బ వెనుక కూర్చున్నవారి వెన్నుకు నేరుగా చేరుతుంది. 2016లో వచ్చిన తొలి హిమాలయన్‌లో ఈ దూరము 180 మిల్లీమీటర్లు ఉండుట వలన అదే బరువుకు అంత ఇబ్బంది రాదు.

వెనుక భాగము కుంగిన బండికి మరి రెండు దోషాలు వస్తాయి. ముందు చక్రముపై భారము తగ్గి హ్యాండిలు తేలికగా, అదుపు తప్పినట్లుగా ఉంటుంది. హెడ్‌లైటు పైకి లేచి, రాత్రి జాతీయ రహదారిపై ఎదురుగా వచ్చేవారి కళ్ళలో పడుతుంది.

కుంగుదల కొలుచుట

కొనే ముందు ఉన్న షాకులతోనే కొలత తీసుకోవాలి. బండిని సెంటర్ స్టాండుపై ఉంచి, వెనుక చక్రము గాలిలో వేలాడుతుండగా ఇరుసు నుండి నేరుగా పైన మడ్‌గార్డుపై పెట్టిన గుర్తు వరకు టేపుతో కొలవాలి. తరువాత బండిని నేలపై నిలిపి ఒకసారి, ప్రయాణములో ఉండే మనుషులు, సామాను ఎక్కించి మరొకసారి కొలవాలి. మొదటి కొలతకు, చివరి కొలతకు గల తేడాయే కుంగుదల. మొత్తం కదలికలో ఇది పాతిక నుండి మూడవ వంతు వరకు ఉండుట సాధారణముగా సరియైనదిగా భావిస్తారు. 88 మిల్లీమీటర్ల బండికి 22 నుండి 29 అన్నమాట.

కుంగుదల ఎక్కువైతే స్ప్రింగు కింద ఉన్న మెట్ల చట్రమును సి-స్పానరుతో తిప్పి ప్రీలోడు పెంచుతారు. దీనితో స్ప్రింగు గట్టిపడుతుందని మెకానిక్కులతో సహా చాలామంది నమ్మకము. అది నిజము కాదు. స్ప్రింగు స్థిరాంకము మారదు, బండి నిలిచే ఎత్తు మాత్రమే మారుతుంది. అసలు స్ప్రింగు సరియైనదా కాదా అని తేల్చేది రెండవ కొలత. మనుషులతో కుంగుదల సరిగా ఉండేటట్లు సర్దిన తరువాత, ఖాళీ బండి తన బరువుకు ఏమాత్రం కుంగకపోతే స్ప్రింగు మెత్తనిదని అర్థము. దానిని అతిగా నొక్కిపెట్టుట వలననే ఎత్తు నిలిచినది. ఖాళీ బండి ఎక్కువగా కుంగితే స్ప్రింగు అవసరానికి మించి గట్టిది. ఇది మొదట విన్నవారికి తలకిందులుగా తోస్తుంది, కాని కాగితముపై లెక్క వేస్తే తెలిసిపోతుంది.

గట్టి స్ప్రింగు కొన్నప్పుడు సాగే దిశలో నిరోధము కూడా తగినట్లు పెరగాలి. పాత షాకులకే గట్టి స్ప్రింగు తొడిగితే బండి గుర్రములా ఎగురుతుంది. ఒంటరిగా ఎక్కువ, జంటగా తక్కువ తిరిగేవారు జంట బరువుకు స్ప్రింగు కొనడం పొరపాటు. వారికి చేతితో తిప్పే ప్రీలోడు సర్దుబాటు గల షాకు మేలు.

పొడవు, అమరిక

రెండు చివర్ల రంధ్రాల మధ్య దూరమే షాకు పొడవు. పాతదాని కన్నా పొడవైనది బిగిస్తే వెనుక భాగము లేచి, ముందు ఫోర్కు నిటారై, హ్యాండిలు చురుకుగా తిరుగుతుంది. మితిమీరితే వేగములో వణుకుతుంది. చైను స్వింగ్ ఆర్మ్‌కు రాసుకుంటుంది, సైడ్ స్టాండుపై బండి ఎక్కువగా వాలుతుంది. పొట్టిది బిగిస్తే సైలెన్సరు నేలకు తగులుతుంది, టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. బుష్‌ల వెడల్పు, బోల్టు లావు కూడా పాతవాటికి సరిపోవాలి.

మన దేశములో ఇంకొక అడ్డంకి ఉన్నది. ఎడమ వైపు షాకు పక్కనే చీర కొంగు చక్రములో పడకుండా కాపాడే గార్డు, పక్కకు తిరిగి కూర్చున్నవారి పాదాల పట్టీ ఉంటాయి. డబ్బా గల షాకు వీటికి, సామాను సంచుల చట్రానికి తగలవచ్చు. కొత్త షాకు కోసమని చీర గార్డును పీకివేయడం కొన్నిచోట్ల కనిపించే అలవాటు. వెనుక కూర్చునేవారి ప్రాణముతో చెలగాటమది. పక్కకు తిరిగి కూర్చుంటే బరువు ఒకవైపు పడుతుందని ఎడమ షాకు ప్రీలోడు మాత్రమే పెంచేవారు కూడా ఉన్నారు. రెండు షాకులూ ఒకే స్వింగ్ ఆర్మ్‌ను మోస్తాయి కనుక రెండింటినీ ఒకే మెట్టులో ఉంచాలి. అదే కారణముగా ఒకటి చెడినా జతగానే మార్చాలి.

తయారీదారులు, నిబంధనలు

1961లో ఏర్పడిన గాబ్రియెల్ ఇండియా దేశీయ బండ్లకు షాకులు సరఫరా చేసే పాత సంస్థలలో ఒకటి. విడిగా అమ్మేవారిలో థాయిలాండ్‌కు చెందిన వైఎస్ఎస్, ఇంగ్లండుకు చెందిన హాగన్, స్వీడనుకు చెందిన ఓలిన్స్ పేరుపొందినవి. 1976లో కెంట్ ఓలిన్ స్థాపించిన ఓలిన్స్ సంస్థను 2025 జనవరిలో ఇటలీ బ్రేకుల సంస్థ బ్రెంబో కొనుగోలు చేసినది. పేరుకన్నా ముఖ్యము, అమ్మేవారు కొనేవారి బరువు అడిగి దానికి తగిన స్ప్రింగు ఇస్తున్నారా లేదా అన్నది. బండి నమూనా పేరు మాత్రమే అడిగి డబ్బా చేతికిచ్చే చోట కొన్న ఖరీదైన షాకు, సరియైన స్ప్రింగు గల మధ్యరకము కన్నా అధ్వాన్నముగా పనిచేయవచ్చు.

మోటారు వాహనాల చట్టము, 1988 లోని 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రములోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. అదే కొలతల షాకును అదే స్థానములో బిగించడం, ఫ్రేముకు వెల్డింగు చేసి కొత్త స్థానము కల్పించడం ఒకటి కావు. అలాగే, గట్టి షాకులు బిగించినంత మాత్రాన బండి మోయగల గరిష్ఠ బరువు పెరగదు. ఆ పరిమితిని ఫ్రేము, టైర్లు, చక్రపు చువ్వలు, బ్రేకులు కలిసి నిర్ణయిస్తాయి.

బిగించిన తరువాత

కొత్త షాకులు బిగించిన మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత బోల్టుల బిగువును, కుంగుదలను మళ్ళీ చూడాలి. పులికాట్ దారిలో వెళ్ళి వచ్చినప్పుడు కడ్డీని మంచినీటితో కడిగి మెత్తని గుడ్డతో తుడవాలి. అధిక పీడనపు నీటి గొట్టమును సీలు వైపు పట్టరాదు. నత్రజని నింపిన షాకును సరైన పనిముట్లు లేనిచోట విప్పించడం ప్రమాదకరము, లోపలి పీడనానికి మూత తూటాలా ఎగరగలదు. కడ్డీపై నూనె చారలు, వెనుక టైరుపై అక్కడక్కడ గిన్నెల్లా అరుగుదల, సీటును నొక్కి వదిలినప్పుడు బండి ఒకటికి మించి ఊగడం, ఇవి షాకు వయసైపోయినదనుటకు గుర్తులు.