ప్రాణవాయువు ప్రాణం తీసే లోతు

ఆక్సిజన్‌కు మనవాళ్ళు పెట్టుకున్న పేరు ప్రాణవాయువు. అది అందక మనుషులు పోవడం అందరికీ తెలిసిన సంగతే. అది ఎక్కువై పోవడం కూడా ఉందంటే మాత్రం బి.యస్సీ. చదివినవాడు కూడా ఒక క్షణం ఆగి మన మొహం చూస్తాడు. స్కూబా పరికరాలు తగిలించుకుని సముద్రంలోకి దిగేవాళ్ళకు ఈ రెండో సంగతి చావుబ్రతుకుల సమస్య. ఆక్సిజన్ పాలు పెంచిన గాలిని నైట్రాక్స్ అంటారు. అది వాడదలచుకున్న డైవర్లకు ప్రత్యేక శిక్షణ ఉంది. ఆ శిక్షణలో ఈత కంటే లెక్కలు ఎక్కువ. ఎందుకో చూద్దాం.

ముందుగా ఒక అపోహ. డైవరు వీపున ఉన్న సిలిండరులో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. మామూలుగా అందులో ఉండేది మనం పీల్చే గాలే, కాకపోతే కంప్రెసరుతో కూరి నింపిన గాలి. నూటికి 21 పాళ్ళు ఆక్సిజన్, తక్కినది దాదాపు అంతా నత్రజని. ఒడ్డున ఉన్నంతసేపూ నత్రజని మన జోలికి రాదు, మనం దాని జోలికి పోము. నీళ్ళలో కథ మారుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక అట్మాస్ఫియరు పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల లోతులో, పైనున్న వాతావరణంతో కలిపి, 4 అట్మాస్ఫియర్లు. డైవరుకు అందే గాలి కూడా అంతే పీడనంతో రావాలి, లేకపోతే రొమ్ము విచ్చుకోదు. పీడనం పెరిగినకొద్దీ వాయువు ద్రవంలో ఎక్కువగా కరుగుతుందన్న హెన్రీ నియమం ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టినదే గదా! ఇక్కడ ఆ ద్రవం మన రక్తం.

గోలీసోడా చూడండి. గోలీ బిగిసి ఉన్నంతసేపూ నీళ్ళు తేటగా ఉంటాయి. గోలీ నొక్కగానే బుస్సుమని పొంగుతాయి. లోతులో చాలాసేపు గడిపిన డైవరు గబగబా పైకి వచ్చేస్తే ఒంట్లో కరిగిన నత్రజని చేసే పని కూడా అదే. కీళ్ళనొప్పులతో పోతే అదృష్టం. వెన్నుపాము దెబ్బతింటే కాళ్ళు పడిపోతాయి. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెన కట్టేటప్పుడు నది అడుగున గాలి కూరిన గదుల్లో పనిచేసిన కూలీలను ఈ జబ్బు పీడించింది. 1872లో చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగే మంచం పట్టాడు. దీనికి మూలం నత్రజని బుడగలని 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బేర్ చూపించాడు. మేకల మీద ప్రయోగాలు చేసి, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి రావాలని 1908లో పట్టికలు ప్రకటించినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. ఈ ఇంటిపేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

చిక్కు నత్రజనితో కాబట్టి దాన్ని కొంత తీసేసి ఆ చోట ఆక్సిజన్ నింపితే? నైట్రాక్స్ వెనుక ఉన్న ఆలోచన ఇంతే. 32 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమం తీసుకోండి. అందులో నత్రజని 68 శాతం. 30 మీటర్ల దగ్గర దాని పాక్షిక పీడనం 4 రెట్లు 0.68, అంటే 2.72. మామూలు గాలితో ఆ అంకె రావాలంటే 24 మీటర్ల పైచిలుకు దిగితే చాలు. అంటే మనిషి 30 మీటర్లలో ఉన్నా, నత్రజని లెక్కలో 24 దగ్గరే ఉన్నాడన్నమాట. అమెరికా నౌకాదళపు పాత పట్టిక ప్రకారం ఆ లోతున గాలితో 25 నిమిషాలు ఉండి, మధ్యలో ఆగే పని లేకుండా పైకి రావచ్చు. 32 శాతం మిశ్రమంతో అది 40 నిమిషాలవుతుంది. అడుగున కొలతలు తీసుకునే శాస్త్రజ్ఞుడికి ఆ పదిహేను నిమిషాలు బంగారం. అందుకే 1970లలో అమెరికా ప్రభుత్వ సముద్ర పరిశోధన సంస్థ నోవాలో మోర్గన్ వెల్స్ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. 1979లో ఆ సంస్థ డైవింగ్ గ్రంథంలోకి ఎక్కింది. 1985లో డిక్ రుట్కోవ్‌స్కీ సరదా డైవర్లకు కూడా నేర్పడం మొదలుపెట్టాడు. డైవింగ్ వ్యాపారంలోని పెద్దలు కొందరు దీన్ని దయ్యపు వాయువని తిట్టిపోశారు గాని, 1990ల నడిమికల్లా తామే నేర్పడం మొదలుపెట్టారు.

దయ్యమన్నవాళ్ళది పూర్తిగా తప్పని నేననను. నత్రజని తగ్గించి కొనుక్కున్న సమయానికి ఆక్సిజన్ ఖరీదు కట్టించుకుంటుంది. పీడనం పెరిగిన ఆక్సిజన్ మెదడును రెచ్చగొట్టి మూర్ఛ తెప్పిస్తుందని కూడా 1878 నాటి ఆ పాల్ బేరే కనుక్కున్నాడు. మూర్ఛ ఒడ్డున వస్తే ఆక్సిజన్ ఆపగానే తగ్గిపోవచ్చు. నీళ్ళలో వస్తే నోట్లో ఉన్న మౌత్‌పీసు జారిపోతుంది. అంతే, మనిషి మునిగిపోతాడు.

ఈ సంగతిని తన ఒంటిమీదే పరీక్షించుకున్నవాడు జె.బి.యస్. హాల్డేన్, మనం పైన చెప్పుకున్న హాల్డేన్ కొడుకు. 1939లో తీటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. ఆ దర్యాప్తుతో ఆయన ఈ రంగంలోకి దిగాడు. యుద్ధకాలంలో ఇనుప గదిలో కూర్చుని ఎక్కువ పీడనంలో ఆక్సిజన్ పీల్చాడు. మూర్ఛలో వెన్నుపూసలు నలిగాయి. తండ్రి మేకలను గదిలో పెట్టాడు, కొడుకు తానే వెళ్ళి కూర్చున్నాడు! ఆ కొడుకు 1957లో మన దేశానికి వచ్చేసి, కలకత్తాలోనూ భువనేశ్వర్‌లోనూ పనిచేసి, 1964 డిసెంబరులో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్యవిద్యార్థుల కోసం వ్రాసి ఇచ్చింది మరెక్కడికో కాదు, మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకే.

అదే యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ చేసిన ప్రయోగాలు ఇంకా భయపెట్టేవి. ఒక మనిషి తట్టుకున్న మోతాదును ఇంకొకడు తట్టుకోలేదు. అది కూడా సరే. నిన్న తట్టుకున్నవాడే ఈ రోజు అదే లోతులో మూర్ఛపోయాడు. కళ్ళు మసకబారడం, చెవుల్లో హోరు, పెదవి అదరడం వంటి సూచనలు ఒక్కోసారి ముందు కనిపిస్తాయి, ఒక్కోసారి ఏ సూచనా ఉండదు. కాబట్టి “నాకు అలవాటే” అనే మాట ఇక్కడ చెల్లదు. గీత గీసుకుని దాని ఇవతల ఉండడమొక్కటే దారి. ఈత కొడుతున్నప్పుడు ఆక్సిజన్ పాక్షిక పీడనం 1.4 దాటరాదన్నది శిక్షణలో నేర్పే గీత. 1.4ను 0.32తో భాగిస్తే సుమారు 4.4 అట్మాస్ఫియర్లు, అంటే 33 మీటర్లు. 36 శాతం మిశ్రమమైతే 28 మీటర్లే. ఎక్కువ ఆక్సిజన్ ఉంటే ఎక్కువ లోతుకు పోవచ్చుననుకునేవాళ్ళు ఈ అంకెలు చూడాలి. కాలానికి కూడా హద్దుంది. నోవా పట్టికలో 1.4 దగ్గర 150 నిమిషాలు, 1.6 దగ్గర 45 నిమిషాలే.

ఈ లెక్కంతా ఒకే ఒక అంకె మీద నిలబడి ఉంది. సిలిండరులో నిజంగా ఎంత శాతం ఉంది? ఆక్సిజన్‌కు రంగు లేదు, వాసన లేదు. అందుకే పరీక్షించే చిన్న యంత్రాన్ని ముందు మామూలు గాలిలో పెట్టి ముల్లు 20.9 దగ్గర సరిచేసుకుని, తర్వాత సిలిండరు వాయువును దాని మీదికి మెల్లగా వదిలి, అంకె స్థిరపడేదాకా ఆగి చూస్తారు. శాతం, దిగదగ్గ గరిష్ఠ లోతు, తేదీ, పేరు టేపు మీద వ్రాసి సిలిండరుకు అంటిస్తారు. ఇదంతా దిగబోయేవాడే స్వయంగా చేయాలి. దుకాణంవాడు చెప్పాడని, స్నేహితుడు చూశాడని నమ్మరాదు. ప్రాక్టికల్సులో బ్యూరెట్ రీడింగు ప్రక్కవాడి రికార్డులోంచి ఎక్కించుకునే మిత్రులు మన కాలేజీలో లేకపోలేదు. వాళ్ళు ఈ విద్య జోలికి పోకపోవడం మంచిది.

పై తరగతి శిక్షణలో అసలు కష్టం ఉంది. 40 మీటర్ల దాకా దిగి ఎక్కువసేపు ఉండేవాళ్ళు పైకి వచ్చేటప్పుడు నత్రజనిని త్వరగా వదిలించుకోవడానికి ప్రక్కన వేరే సిలిండర్లు తగిలించుకుంటారు. ఒకదానిలో 50 శాతం ఆక్సిజన్, ఒక్కోసారి ఇంకొకదానిలో శుద్ధ ఆక్సిజన్. ఈతలో పెట్టుకున్న 1.4 గీత ఇక్కడ 1.6కు జరుగుతుంది, కదలకుండా ఆగి ఉంటారు కాబట్టి. మొదటిది 21 మీటర్లకు పైనే, రెండోది 6 మీటర్లకు పైనే పీల్చాలి. 40 మీటర్ల దగ్గర పొరపాటున 50 శాతం మౌత్‌పీసు నోట్లో పెట్టుకుంటే పాక్షిక పీడనం 2.5. మసకనీళ్ళు, చలి, చేతికి గ్లౌజులు, ఒకేలాంటి గొట్టాలు. నైట్రాక్స్ బాగా వచ్చినవాళ్ళు కూడా ఇలాంటి మార్పిడిలోనే పోయారు.

కాబట్టి ఆ మార్పిడిని ఒడ్డున, కొలనులో, తర్వాత సముద్రంలో పదే పదే చేయిస్తారు. ముందు లోతు కొలిచే పరికరం చూసుకోవాలి. సిలిండరు మీది టేపు చదివి జతగాడికి చూపించాలి. కవాటం తిప్పి, ఆ సిలిండరు నుంచి బయలుదేరిన గొట్టాన్ని వేలితో తడుముకుంటూ మౌత్‌పీసు దాకా రావాలి. జతగాడు అదే గొట్టాన్ని తన కళ్ళతో మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చూసి, లోతు సరిపోయిందని చెయ్యి ఊపాలి. అప్పుడు గాని పాత మౌత్‌పీసు నోట్లోంచి తీయరు.