అడ్మిషన్ రిజిస్టరులో ఒక తేది

జూన్ మాసమున బడి తెరచిన దినమున తండ్రి పిల్లవానిని వెంటబెట్టుకొని వచ్చును. పుట్టిన తేది యేమని అడిగినచో, "మీరే చూచి వేయండి మాస్టారూ!" అనును. మాస్టారు పిల్లవానిని ఎగాదిగా చూచి, అయిదేండ్లు వెనుకకు లెక్కగట్టి, జూన్ 1 అని వ్రాయును. మన రిజిస్టర్లను నమ్మినచో తెలుగు పిల్లలలో పెక్కుమంది జూన్ మాసముననే జన్మించిరని తలపవలసి వచ్చును! ఇది నవ్వుకొనుటకు బాగుగనే యున్నది. కాని పదేండ్ల పిమ్మట ఆ పిల్లవాడు ఏ సైకిలు దొంగతనములోనో, కొట్లాటలోనో పోలీసులకు చిక్కినప్పుడు ఆ తేదియే వాని దారిని నిర్ణయించును.

2016 జనవరి 15 నుండి అమలులోనున్న 2015 నాటి బాల న్యాయ చట్టము ప్రకారము, నేరము జరిగిన నాటికి 18 ఏండ్లు నిండనివాడు బాలుడే. వానిని లాకప్పులో గాని, జైలులో గాని ఉంచరాదు. ప్రయాణకాలము పోను 24 గంటలలో బాల న్యాయ మండలి యెదుట హాజరు పరుపవలెను. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు. ఆ ఇద్దరిలో ఒకరైనను స్త్రీ కావలెను. పిల్లల విచారణ పెద్దల విచారణవలె జరుగరాదను ఈ భావము మనకు క్రొత్తది కాదు. దేశమున ఇట్టి బాలల చట్టములలో మొదటిది 1920లో మద్రాసు రాజధానిలో వచ్చినది. నాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు అందులోనివే గదా.

వయస్సు విషయమున సందేహము కలిగినచో మండలి మొదట అడుగునది పాఠశాల ఇచ్చిన జనన తేది ధ్రువపత్రము, లేక పదవ తరగతి సర్టిఫికెట్టు. అవి లేనప్పుడు మునిసిపాలిటీ లేక పంచాయతీ ఇచ్చినది. ఏదియు లేనప్పుడే ఎముకల పరీక్ష. అనగా డాక్టరు ఎక్స్‌రేకంటె మాస్టారి కలము ముందు! టి.సి. మాత్రము ఇందుకు చాలదని 2023లో సుప్రీంకోర్టు చెప్పినది. ఐనను బడి ఏ పత్రమిచ్చినను దాని మూలము ఆ రిజిస్టరే. కనీస శిక్ష 7 ఏండ్లు లేక అంతకు మించిన ఘోర నేరమైనచో, 16 దాటినవానిని పెద్దవానివలె విచారింపదగునా యని మండలి పరిశీలించును. 16 నిండనివానికి ఆ ప్రశ్నయే లేదు. బడిలో ఒక యేడు ఎక్కువ వేసిన తప్పు అక్కడ ఎంతటిదగునో ఊహింపవచ్చును.

ప్రతి పోలీసు స్టేషనులోను బాలల సంక్షేమమునకు ఒక అధికారి, జిల్లాకొక ప్రత్యేక పోలీసు విభాగము ఉండవలెనని చట్టము విధించినది. ప్రొబేషన్ ఆఫీసరు పిల్లవాని ఇల్లు, స్నేహములు, చదువు విచారించి 15 దినములలో నివేదిక నీయవలెను. ఆయన బడికిని వచ్చును. అప్పుడు మనమేమి చెప్పుదుము? "చాలా కాలముగా రావడము లేదండీ, పేరు కొట్టివేసినాము" అందుము. వాడు రావడము మానిన వారమే ఎవరైనను వాని ఇంటి తలుపు తట్టిరా? ఇన్ని సంస్థలు చేయి కలిపిన యీ పనిలో బడికి మండలిలో సభ్యత్వము లేదు. తుదకు పిల్లవాడు తిరిగి రావలసినదియు బడికే. బడికి పోవలెనని ఉత్తరువిచ్చు అధికారము మండలికి కలదు. పత్రికలు వాని పేరును, వాని బడి పేరును సయితము ప్రకటింపరాదు. కేసు ముగిసిన పిమ్మట ప్రవర్తన ధ్రువపత్రము కొరకైనను పోలీసులు దానిని బయటపెట్టరాదు. పోలీసులకే లేని యీ హక్కు స్టాఫు రూములో మనకెక్కడిది?

జనన మరణముల రిజిస్ట్రేషన్ చట్టమునకు వచ్చిన సవరణ ననుసరించి, 2023 అక్టోబరు 1 మొదలుకొని పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకు జనన ధ్రువపత్రమే ఆధారము. ఆ పసివారికి మాస్టారు లెక్కగట్టి తేది వేయవలసిన పని లేదు. అంతకు ముందు పుట్టి, నేడు మన యెదుట బల్లలపై కూర్చున్నవారికి మాత్రము ఆ పాత రిజిస్టరే సాక్షి.