పాత లారీకి ఖరీదైన ఆయిల్ పోస్తే లాభమా?

హుజూర్‌నగర్ చుట్టుపక్కల మఠంపల్లి, మేళ్లచెరువుల్లో సిమెంటు ఫ్యాక్టరీలు, అటు మిర్యాలగూడలో రైస్ మిల్లులు. లోడు ఎత్తే లారీల్లో వయసు మీరినవీ ఉంటాయి. ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టగానే ఓనరుకు రెండు సలహాలు వినిపిస్తాయి: సింథటిక్ పోయించు, లేదా ఓ డబ్బా అడిటివ్ కలిపించు.

పొగ తగ్గిస్తామనే అడిటివ్‌లు చాలావరకు ఆయిల్‌ను చిక్కబరుస్తాయి. కొన్నాళ్లు పొగ తగ్గినట్టే కనిపిస్తుంది. అరిగిన పిస్టన్ రింగులు, లైనర్లు మాత్రం అలాగే ఉంటాయి. పైగా మంచి డీజిల్ ఆయిల్‌లో అరుగుదలను తగ్గించే జింకు, ఫాస్ఫరస్ రసాయనాలు, మసిని విడదీసి ఉంచే పదార్థాలు కొలత ప్రకారం ముందే కలిపి ఉంటాయి. డిప్‌స్టిక్ తీయగానే ఆయిల్ నల్లగా కనిపిస్తే కంగారు అక్కర్లేదు. మసిని అడుగున పేరుకోనివ్వకుండా మోస్తోందన్నమాట.

సింథటిక్ నిజంగానే మేలైన సరుకు. వేడికి త్వరగా పాడవదు, చలిలోనూ చురుగ్గా పారుతుంది. కానీ వేసవిలో 45 డిగ్రీలు దాటే సూర్యాపేట ప్రాంతంలో ఆ చలి సుగుణంతో పనేముంది? గట్టిపడిన పాత సీళ్ల దగ్గర లీకులు బయటపడే అవకాశమూ ఉంది. లీటర్లకు లీటర్లు తాగే ఇంజిన్‌కు, కంపెనీ చెప్పిన గ్రేడు 15డబ్ల్యూ-40 అయితే, మామూలు మినరల్ ఆయిలే వేళకు మార్చడం నయం.

సిమెంటు లోడు లారీకి ముందుగా చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. దాన్ని దాటి లోపలికెళ్లిన దుమ్ము లైనర్లను గీకేస్తుంది. ఆ అరుగుదలను ఏ డబ్బా పూడ్చలేదు. రింగులు పోతే కంప్రెషన్ పరీక్ష చేయించి, ఇంజిన్ విప్పించాల్సిందే.