మీకు తెలుసా? సోరియాసిస్ అంటుకోదు

చర్మం పైపొర మామూలుగా నెల రోజులకు మారుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ గతి తప్పి, ఆ పని కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. అందుకే మోచేతులు, మోకాళ్లు, తలపై వెండి రంగు పొలుసులు పేరుకుంటాయి. గోకి ఊడదీస్తే సూదిమొనంత రక్తపు చుక్కలు కనిపిస్తాయి. చర్మం గీసుకుపోయిన చోట కొత్త మచ్చ లేవొచ్చు కూడా. కోనసీమలో కొబ్బరి ఒలిచేవారు, పీచు పనిచేసేవారు అందుకే చేతులు కాపాడుకోవాలి. స్నానంలో ఒళ్లు పీచుతో రుద్దడం మానాలి.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇళ్లలో ఎప్పుడూ ఉండే కొబ్బరినూనె ఇక్కడ నిజంగా పనికొస్తుంది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, తువ్వాలుతో అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే రాయండి. తేమ నిలుస్తుంది, పొలుసులు మెత్తబడతాయి, దురద తగ్గుతుంది. అయితే నూనె ఉపశమనమే, జబ్బును నయం చేయదు.

పూర్తిగా పోగొడతామంటూ పేరు లేని పొట్లాల్లో ఇచ్చే మందులు వాడకండి. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటే, ఆపగానే జబ్బు ఒక్కసారిగా విజృంభించి ప్రాణం మీదికి రావొచ్చు. పొగ, మద్యం మానాలి. పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకుపోతుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

2014లో ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్‌ను అంటువ్యాధి కాని దీర్ఘకాలిక వ్యాధిగా గుర్తించింది. దయచేసి ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లకు కంచం, మంచం వేరు చేయకండి.