యంత్రము నాది, గాలి యెవరిది?

దూరప్రయాణములకై నిర్మింపబడు పెద్ద మోటారు సైకిళ్ల విషయమున నేడు పాశ్చాత్య దేశములలో రెండు ఫిర్యాదులు వినవచ్చుచున్నవి. వాని ధర చుక్కల నంటుచున్నదనునది మొదటిది. అంత ధర పోసి కొన్న యంత్రమును తన యిష్టానుసారము సవరించుకొన నీయక ప్రభుత్వము అడ్డుపడుచున్నదనునది రెండవది. ఈ రెంటిని ముడివేసి, పొగను గూర్చిన చట్టములే సకలానర్థములకు మూలమని వాదించువారు పెక్కురు గలరు. ఈ వాదములో నిజమెంత, నెపమెంత యని విడదీసి చూచుట యవసరము. ఏలయన ఇది కొలదిమంది ధనికుల వినోదమునకు సంబంధించిన చిల్లర తగవు కాదు. సొంత ఆస్తిపై యజమానికి గల హక్కు ఎచ్చట ముగియును, పొరుగువాని ఊపిరి హక్కు ఎచ్చట మొదలగును అను ప్రశ్న యిందు ఇమిడి యున్నది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిల్వాకీ నగరమున 1903లో పుట్టిన హార్లీ డేవిడ్సన్ కంపెనీ కథ యిందులకు మంచి యుదాహరణము. ఆ కంపెనీవారి దూరప్రయాణపు బండ్లు ఆ దేశమున కేవలము వాహనములు కావు, హోదాకు చిహ్నములు. వానిలో 2024 నాటి స్ట్రీట్ గ్లైడ్ అను బండి బరువు దాదాపు 370 కిలోగ్రాములు; ధర 25,999 డాలర్లు. ఇంతటి బండిని కొన్నవాడు దానిని కొన్న తీరుననే యుంచుకొనుట అరుదు. సైలెన్సరు మార్చును, గాలి పీల్చు గొట్టము మార్చును. ఆ పిమ్మట పెట్రోలు పాలు సరిచూడవలెనని ట్యూనరు అను చిన్న యుపకరణమును బండిలోని కంప్యూటరునకు తగిలించును. తగవంతయు ఈ చిన్న యుపకరణము చుట్టునే తిరుగుచున్నది.

ఆ యుపకరణము చేయు పని యేమి? ఒక పాలు పెట్రోలు పూర్తిగా దహింపబడుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. పొగగొట్టములో అమర్చిన క్యాటలిటిక్ కన్వర్టరు ఈ నిష్పత్తి దగ్గరనే చక్కగ పనిచేసి, కార్బన్ మోనాక్సైడు, కాలని హైడ్రోకార్బనులు, నైట్రోజను ఆక్సైడులు అను మూడు విషములను ఒక్కసారిగ అణచగలదు. కావున చట్టమునకు లోబడిన కంప్యూటరు, ఆక్సిజను సెన్సారు సాయమున, ఆ నిష్పత్తిని విడువక కాపాడుచుండును. అయితే గాలితో చల్లబడు పెద్ద యింజను ఈ పద్ధతిని బాగుగ వేడెక్కును. ఎండకాలమున పట్టణపు రద్దీలో నిలిచిన రౌతు తొడలు కాలును. పెట్రోలు పాలు పెంచినచో, అనగా గాలి 13 పాళ్లకు దిగినచో, ఇంజను చల్లబడును, బలము కొంత హెచ్చును, త్రిప్పగనే పరుగెత్తును. ట్యూనరు చేయునది యిదియే. అందలి సుఖము నిజమైనదే. కాని కాలక మిగిలిన పెట్రోలు ఆవిరియు, కార్బన్ మోనాక్సైడును వెనుక వచ్చువాని ముక్కునకు చేరుననుటయు నంతే నిజము. ఈ హైడ్రోకార్బనులే ఎండలో నైట్రోజను ఆక్సైడులతో కలిసి నేలమట్టపు ఓజోనుగ మారి, పిల్లల యొక్కయు వృద్ధుల యొక్కయు శ్వాసకోశములను బాధించుచున్నవి.

2016 ఆగస్టులో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ఈ కంపెనీతో ఒక ఒడంబడిక కుదుర్చుకొనెను. 2008 నుండి సుమారు 3,40,000 ట్యూనర్లను కంపెనీ విక్రయించినదని, అవి చట్టరీత్యా అమర్చిన రక్షణలను వమ్ము చేయుచున్నవని ఆ సంస్థ ఆరోపణ. కంపెనీ 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా చెల్లించుటకును, అట్టి ట్యూనర్ల యమ్మకము నిలుపుటకును, అంగళ్లలో మిగిలిన వానిని తిరిగి కొని నాశనము చేయుటకును ఒప్పుకొనెను. ఇకముందు తాను విక్రయించు ట్యూనర్లకు కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు వారి యనుమతి పొందవలెనని కూడ నిర్ణయమయ్యెను.

కంపెనీ తప్పు నొప్పుకొనలేదు. ఈ ట్యూనర్లు పందెపు మైదానములలో వాడుటకై యుద్దేశింపబడినవని, చట్టమును తాము వేరువిధముగ అర్థము చేసికొంటిమని, ఇది రాజీ మాత్రమేయని చెప్పినది. ఈ సమాధానమును విన్న పాఠకునకు ఒక సందేహము కలుగక మానదు. 370 కిలోగ్రాముల బరువుతో, ఇరుప్రక్కల సామాను పెట్టెలతో, గాలి యడ్డముతో, సంగీత యంత్రముతో నుండు బండ్లు ఏ పందెములలో పరుగిడును? మూడు లక్షల నలువది వేల యుపకరణములకు సరిపడు పందెపు మైదానములు ఏ దేశమున గలవు? అమ్మువాడు ఎరుగును, కొనువాడు ఎరుగును. పెట్టె మీద అచ్చువేసిన హెచ్చరిక ఒక్కటి మాత్రము ఎరుగనట్లు నటించినది. చట్టము ఈ నటనను సహింపకపోవుట న్యాయమని మా యభిప్రాయము.

మన రైతు సోదరులకు ఈ ధర్మము క్రొత్తది కాదు. చేను నాది, తూము నా గట్టు మీదనే యున్నదని పైరైతు రాత్రివేళ తూమును పెద్దది చేసికొన్నచో, శివారు భూముల గతి యేమగును? చేను వానిదే, కాదనువారు లేరు. కాలువ మాత్రము వానిది కాదు. ఇంజను యజమానునిది, పొగగొట్టము కొసను దాటిన గాలి పదిమందిది. ఈ రెంటి నడుమ గట్టు వేయుటయే చట్టము పని.

అయినను, ఈ గట్టు వలన మంచి బండ్లు నశించుచున్నవన్న మాట యెంతవరకు సత్యము? ఐరోపాలో 1999 నాటి తొలి నియమము కిలోమీటరునకు 13 గ్రాముల కార్బన్ మోనాక్సైడును అనుమతించెను. 2006లో వచ్చిన యూరో 3 దానిని 2 గ్రాములకు, 2020లో వచ్చిన యూరో 5 ఒక్క గ్రామునకు తగ్గించెను. అమెరికాలో 2010 నుండి యున్న హద్దు 12 గ్రాములు. అనగా ఈ విషయమున అమెరికా చట్టమే మెత్తనిది. ఇంత బిగింపు జరిగిన కాలముననే హార్లీ ఇంజను 1,340 ఘన సెంటీమీటర్ల నుండి 1,450కును, 1,746కును, 1,923కును పెరిగినది. ఒక్కొక్క సిలిండరునకు నాలుగు వాల్వులు వచ్చెను. తలభాగములకు నూనెతోనో నీటితోనో చల్లదనము గూర్చబడెను. చట్టము ఇంజనీరును చంపలేదు, పనికి పురికొల్పినది.

అన్ని బండ్లును ఈ పరీక్షలో నెగ్గినవని మేము చెప్పజాలము. 2001లో వెలువడి దూరప్రయాణీకుల మన్నన లందిన యమహా ఎఫ్.జె.ఆర్. 1300, యూరో 5 రాకతో ఐరోపా విపణి నుండి తొలగినది. తక్కువ సంఖ్యలో నమ్ముడగు పాత నమూనాను క్రొత్త నియమమునకు తగినట్లు తిరిగి నిర్మించుట ఏ కంపెనీకైనను భారమే. చట్టము వలన ఖర్చు లేదనుట అబద్ధము. ధర యంతయు దాని పద్దులోనే వ్రాయుటయు అంతకు తక్కువ అబద్ధము కాదు.

ధర పెరుగుదలకు వేరు కారణములు కన్నులకు కట్టినట్లున్నవి. జపానుకు చెందిన హోండావారి గోల్డ్ వింగ్ బండి 1975లో అమెరికాలో 2,895 డాలర్లకు దొరకెను. డాలరు విలువ తరుగుటను లెక్కించినచో అది 2024 నాటి సుమారు 17,000 డాలర్లతో సమానము. 2024లో గోల్డ్ వింగ్ టూర్ వెల 28,500 డాలర్లు. అయితే ఆ నాటి బండికి నాలుగు సిలిండర్లు, 999 ఘన సెంటీమీటర్ల ఇంజను మాత్రమే యుండెను. గాలి యడ్డము గాని సామాను పెట్టెలు గాని కర్మాగారము నుండి రాలేదు. నేటి బండికి ఆరు సిలిండర్లు, 1,833 ఘన సెంటీమీటర్ల ఇంజను, తెర, పెట్టెలు, విద్యుత్తుతో లేచి దిగు గాలి యడ్డము. ఈ హంగుల వెలను పొగ చట్టము తలపై రుద్దుట న్యాయమా?

రెండవ కారణము దేశముల నడుమ సుంకముల పోరు. 2018లో ఉక్కు, అల్యూమినియములపై అమెరికా వేసిన సుంకములకు ప్రతిగ ఐరోపా సమాఖ్య అమెరికా మోటారు సైకిళ్లపై సుంకమును 6 నుండి 31 శాతమునకు పెంచెను. దీని వలన ఒక్కొక్క బండిపై సగటున 2,200 డాలర్ల భారము పడుచున్నదని కంపెనీయే ప్రకటించెను. మూడవది వ్యాపార నీతి. 2006లో దాదాపు మూడున్నర లక్షల బండ్లను అంగళ్లకు పంపిన ఈ కంపెనీ అమ్మకములు 2024 నాటికి సుమారు ఒకటిన్నర లక్షకు పడిపోయెను. 2021లో ప్రకటించిన ప్రణాళికయందు లాభము హెచ్చుగ నిచ్చు పెద్ద బండ్లపైననే దృష్టి నిలుపుదుమని కంపెనీ చెప్పినది. తక్కువ మందికి ఎక్కువ వెలకు అమ్మవలెనను నిశ్చయము కంపెనీవారిది. ప్రభుత్వము వారిది కాదు.

ఇంతవరకు చట్టము పక్షమున మాటలాడితిమి. ఇక యజమాని పక్షము కూడ చెప్పవలెను. పొగను అదుపులో నుంచు నెపమున కంప్యూటరునకు వేసిన తాళము, మరమ్మతునకు కూడ తాళమగు ప్రమాదము గలదు. 2022 జూనులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను ఇదే హార్లీ కంపెనీపై చర్య గైకొనెను. తమ దుకాణములలో కాక బయట బాగు చేయించినను, ఇతరుల విడిభాగములు వాడినను వారంటీ పోవునను షరతులు చట్టవిరుద్ధములని కమిషను తేల్చెను. బయట బాగు చేయించినంత మాత్రమున వారంటీ పోదని స్పష్టముగ వ్రాయుమని ఆజ్ఞాపించెను. ఆరేండ్లకు పూర్వము యజమానికి హద్దు మీరిన స్వేచ్ఛ నమ్మినందులకు దండింపబడిన కంపెనీయే, న్యాయమైన స్వేచ్ఛను కట్టివేసినందులకు మరల మందలింపబడెను. ఈ రెండు తీర్పులును పరస్పర విరుద్ధములు కావు. ఒక్క ధర్మమునకే రెండు ముఖములు. 2015లో అమెరికా కాపీరైటు అధికారులు, వాహనములలోని ప్రోగ్రాములను మరమ్మతునకును చట్టబద్ధమైన మార్పునకును తెరచుటకు మినహాయింపు నిచ్చుచు, పొగ నియమములను ఉల్లంఘించుటకు మాత్రము అది వర్తింపదని చెప్పినపుడు ఈ గీతనే గీసిరి. బాగు చేసికొనుట వేరు, గాలిని చెరచుట వేరు.

మన దేశమునకును ఈ గీత యవసరమే. 2020 ఏప్రిలు నుండి బి.ఎస్. 6 నియమములు అమలులో నున్నవి. కంపెనీ యిచ్చిన రూపమునకు భిన్నముగ వాహనమును మార్చుటను మోటారు వాహనముల చట్టము నిషేధించినది. 2019 సవరణ యజమానికి ఆరునెలల వరకు ఖైదును, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాను విధించినది. మన పట్టణములలో పోలీసులు మార్చిన సైలెన్సర్లను కుప్పవోసి రోడ్డు రోలరు క్రింద నలిపించుట పాఠకులెరిగినదే. ఇక ధర మాట. 2025 ఫిబ్రవరి బడ్జెట్టులో 1,600 ఘన సెంటీమీటర్లు మించిన దిగుమతి బండ్లపై సుంకము 50 నుండి 30 శాతమునకు దిగెను. అదే సంవత్సరము సెప్టెంబరు 22 నుండి 350 ఘన సెంటీమీటర్లు మించిన బండ్లపై జి.యస్.టి. 40 శాతమయ్యెను, అంతకు ముందు సెస్సుతో కలిపి అది 31 శాతము. ఒక చేత తగ్గించి రెండవ చేత పెంచిన యీ పన్ను పొగను కొలచి వేసినది కాదు, ఇంజను పరిమాణమును కొలచి వేసినది. పరిశుభ్రముగ నడచు పెద్ద బండికిని, పొగ గ్రక్కు పెద్ద బండికిని ఒకే పన్ను. ఇట్టి పన్నును పర్యావరణము పేర సమర్థింప రాదు.

కావున మేము కోరునది మూడు మాటలు. పొగ హద్దులను సడలింపవద్దు. అయితే మార్పును గ్రుడ్డిగ నిషేధించుటకు బదులు, పరీక్షలో నెగ్గిన ట్యూనర్లకు కాలిఫోర్నియాలో వలె అనుమతి నిచ్చు మార్గము తెరువవలెను. తాళము పొగకు వేయవలెను గాని మరమ్మతునకు వేయరాదు. వీధి మొగను కూర్చుండు మెకానిక్కు కూడ యంత్రము చెప్పు లోపమును చదువ గలుగవలెను. ధర పెంచిన కంపెనీలును, పన్ను పెంచిన ప్రభుత్వములును తమ తమ వాటాలను దాచక చెప్పవలెను. యజమానియు ఒకటి జ్ఞాపకముంచుకొనవలెను. ఇరువది లక్షలు పోసి బండిని కొన్నవాడు బండినే కొన్నాడు. అది పోవు దారిలోని గాలిని కొనలేదు. దాని వెనుక సైకిలు మీద బడికి పోవు పిల్లవానికి ఆ గాలిలో అంతే వాటా గలదు.