గాలి సోకింది కాదు.. మెదడు బ్రేకు సమస్య: ఫిట్స్ గురించి తెలుసుకోండి

జనగామ/మహబూబాబాద్/భూపాలపల్లి: పదో తరగతి పిల్ల పొద్దున్నే చాయ్ కప్పు పట్టుకుంటే చెయ్యి ఒక్కసారిగా అదిరి కప్పు కింద పడుతుంది. నిద్రమత్తు అని ఇంట్లో తిడతారు. కొన్నాళ్లకు పెద్ద ఫిట్స్ వస్తే, గాలి సోకిందని తావీజు కడతారు. నిజానికి ఆ పొద్దుటి అదురే మొదటి గుర్తు కావచ్చు. టీనేజ్‌లో ఎక్కువగా మొదలయ్యే ఈ జబ్బును డాక్టర్లు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు.

అసలు ఏం జరుగుతుంది?
మెదడు కణాల జోరుకు బ్రేకు వేసే రసాయనం పేరు గాబా. అది కణం మీదున్న రిసెప్టర్‌ను తాకితే ఒక చిన్న ద్వారం తెరుచుకుంటుంది, క్లోరైడ్ లోపలికి పోయి కణం శాంతిస్తుంది. ఐదు ముక్కలు కలిస్తే ఆ ద్వారం. అందులో ఆల్ఫా-1 అనే ముక్కను తయారుచేసే జీన్ జీఏబీఆర్ఏ1. ఇది 5వ క్రోమోజోమ్‌పై ఉంటుంది. ఈ జీన్‌లో వచ్చిన చిన్న మార్పు తరతరాలుగా ఇదే జబ్బు తెస్తోందని 2002లో కెనడాలోని ఒక కుటుంబంలో తేలింది. అందరికీ కారణం ఈ ఒక్క జీనే కాదు. కానీ ఫిట్స్ మెదడు జబ్బేనని, శాపం కాదని ఇది చూపిస్తోంది.

గోళీలు ఎందుకు ఆపొద్దు?
క్లోబజామ్, ఫినోబార్బిటోన్ లాంటి మందులు ఇదే రిసెప్టర్‌పై పనిచేసి బ్రేకును గట్టిపరుస్తాయి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఇంకా తీవ్రంగా రావచ్చు. అత్తగారింట్లో తెలుస్తుందని గోళీలు మానేయడం ప్రాణం మీదికి తెస్తుంది. నికాహ్‌కు ముందే చెప్పుకోవడం మేలు. వాల్‌ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు. అది వాడే అమ్మాయిలు సొంతంగా ఆపకుండా, గర్భానికి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి.

రంజాన్‌లో జాగ్రత్త
నిద్ర చాలకపోతే ఈ ఫిట్స్ తిరగబెడతాయి. తరావీహ్ తర్వాత ఆలస్యంగా పడుకుని సహరీకి లేస్తే ముప్పు పెరుగుతుంది. రోజా ఉండొచ్చా, గోళీలు ఏ టైంకు వేసుకోవాలి అన్నది ముందే డాక్టర్‌ను అడగండి. జబ్బుపడ్డవారికి రోజాలో సడలింపు ఖురాన్‌లోనే ఉంది.

ఫిట్స్ వస్తే..
పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టినా ఆగదు. నోట్లో చెంచా, నీళ్లు అసలే వద్దు. 5 నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయండి.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వరంగల్‌లో ఎంజీఎం ఉంది. దువా చేయండి, దాంతోపాటు పిల్లను డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్లండి.