పెద్దన్న వేరుపడితే

1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి.నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ కర్మాగారం కట్టడానికి 1979 జూన్ 12న మనతో ఒప్పందం చేసుకున్న దేశం అప్పటికి ఏడు నెలలుగా లేదు. గోదావరి అని పేరు పెట్టుకున్న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990 మార్చి నుంచే మండుతోంది. ప్రాజెక్టు నివేదికను మన దస్తూర్ కంపెనీతో కలిసి తయారుచేసింది మాస్కోలోని గిప్రోమెజ్ సంస్థ. మన దేశం అంతకు ముందు చూడని ఏడు మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్ల డిజైన్ ఖార్కివ్‌లోని గిప్రోకోక్స్‌ది. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలిచిన కురుసుర జలాంతర్గామి 1969 డిసెంబరు 18న రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. ఈ మూడు ఊళ్లకీ అప్పుడు ఒకటే జెండా, సోవియట్ జెండా. ఇప్పుడు మాస్కో రష్యాలో ఉంది, ఖార్కివ్ ఉక్రెయిన్‌లో ఉంది, రీగా లాత్వియాలో ఉంది. 2022లో మొదటి ఊరి ఏలికలు రెండో ఊరి మీద క్షిపణులు వేయడం మొదలుపెట్టారు. మూడో ఊరు నాటో కూటమిలో చేరి రెండు దశాబ్దాలు దాటింది.

ఇంత పెద్ద రాజ్యం ఎలా విరిగిపోయింది అంటే మనకి వెంటనే తోచే జవాబు ఒకటుంది, అది మన చరిత్ర నేర్పిన జవాబే. స్టీల్‌ప్లాంటుకి యాభై అరవై కిలోమీటర్ల దూరంలో, చోడవరం అవతల ఉన్న వడ్డాదినే తీసుకోండి. ఇప్పుడది బుచ్చెయ్యపేట మండలంలో ఒక ఊరు. శాసనాల్లో ఒడ్డాది పేరుతో కనిపించే ఒకప్పటి రాజధాని. అక్కడ మత్స్య వంశీయులు ఏలారు. ఉత్కళ రాజు తమ పూర్వీకుడికి పిల్లనిచ్చి ఒడ్డాది ఏలుబడి అప్పగించాడని 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనం చెప్పుకుంటుంది. ఇలాంటి సామంతులు మన గడ్డ మీద కొల్లలు. పైన ఉన్నవాడు గట్టివాడైతే కప్పం కడతారు, వాడి పట్టు సడలితే సొంత బిరుదులు తగిలించుకుంటారు. అందుకే సామ్రాజ్యం కూలిందంటే అంచుల్లో ఉన్నవాళ్లు తెగతెంపులు చేసుకున్నారనే అనుకుంటాం. సోవియట్ యూనియన్ విషయంలో ఈ లెక్క సగమే సరిపోతుంది. అంచులు కదిలిన మాట నిజం. కానీ దాన్ని నిలువునా పడేసింది అంచులు కాదు, నడిమిల్లే. పదిహేనుగురు అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబంలో ముప్పాతిక భూమి చేతిలో ఉన్న పెద్దన్న వేరుపడతానన్నాడు. మిగతాది పంపకాల తతంగం.

అసలు దాన్ని సామ్రాజ్యం అనవచ్చా అని అడిగేవాళ్లు మన దగ్గర ఎక్కువే ఉంటారు, ఉండడం న్యాయం కూడా. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో చవకగా దొరికిన మాస్కో పుస్తకాలతో ఎదిగిన తరం మనది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు మాస్కో వెళ్లి కూర్చుని వాటిని తెలుగు చేశారు. ఢిల్లీలో ఉన్న తెల్లదొర దోచుకుపోయాడు, మాస్కో దొర ఎదురిచ్చాడు కదా అంటారు. కొంత నిజమే. తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ లాంటి చోట్లకి కేంద్రం నుంచి డబ్బు వెళ్లేది, రష్యా చమురు, గ్యాస్ మిగతా రిపబ్లిక్కులకి ప్రపంచ ధర కన్నా చాలా తక్కువకి అందేవి. కానీ సామ్రాజ్యమా కాదా అన్నది డబ్బు ఎటు పారిందన్నదాన్ని బట్టి తేలదు, నిర్ణయం ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి తేలుతుంది. 1940లో లాత్వియాని కలుపుకున్నప్పుడు లాత్వియన్లకి ఎంచుకునే స్వేచ్ఛ లేదు. ఉజ్బెకిస్తాన్‌లో పత్తి ఎంత వేయాలన్నది మాస్కో ప్రణాళికలో తేలేది. అంచులకి పెట్టుబడి పెట్టిన సామ్రాజ్యం అనండి, అభ్యంతరం లేదు. పెద్దన్న కడుపుమంట మొదలైంది సరిగ్గా అక్కడే.

1989 జనాభా లెక్కల ప్రకారం సోవియట్ జనం 28 కోట్ల 60 లక్షల పైచిలుకు. అందులో రష్యన్లు 50.8 శాతం. ఇంటి పెత్తనం వాళ్లదే, కానీ ఇంట్లో వాళ్లకంటూ విడిగా గది లేదు. మిగతా పద్నాలుగు రిపబ్లిక్కులకీ సొంత కమ్యూనిస్టు పార్టీలు ఉండేవి, రష్యాకి 1990 జూన్ దాకా లేదు. ఉక్రెయిన్‌కి, జార్జియాకి సొంత సైన్స్ అకాడమీలు ఉన్నాయి, రష్యాకి విడిగా లేదు. అంతా మనదే అయినప్పుడు విడిగా ఎందుకు అన్నది పాత తర్కం. చేతిలో డబ్బు ఉన్నంతకాలం అది చెల్లింది. కొట్లలో మాంసం, వెన్న కోసం బారులు పెరిగేసరికి అంతా మనదే అన్నది మనకంటూ ఏమీ లేదు అని వినిపించడం మొదలైంది. 1989లో మాస్కోలో ప్రజాప్రతినిధుల మహాసభలో సైబీరియా రచయిత వలెంతిన్ రస్పూతిన్, అన్ని కష్టాలకీ మేమే కారణమైతే రష్యాయే యూనియన్ నుంచి తప్పుకుంటే పోలేదా అని ఎత్తిపొడిచాడు. అది ఎత్తిపొడుపే. మరుసటి ఏడు సెప్టెంబరులో రచయిత సోల్జెనిత్సిన్ అదే మాటని నిక్కచ్చిగా రాశాడు: సామ్రాజ్యాన్ని మోసే ఓపిక రష్యాకి లేదు, పదకొండు రిపబ్లిక్కుల్ని వదిలేయాలన్నాడు. వీళ్లిద్దరూ విప్లవకారులు కారు, రష్యా అంటే ప్రాణమిచ్చే సంప్రదాయవాదులు. ఇంటి పెద్దలే ఇలా మాట్లాడుతున్న ఇంటికి శత్రువులు వేరే అక్కర్లేదు.

ఆ మాటకి చట్టం రూపం 1990 జూన్ 12న వచ్చింది. రష్యా పార్లమెంటు తన చట్టాలే యూనియన్ చట్టాల కన్నా పైవని ప్రకటించింది. సరిగ్గా ఏడాదికి, 1991 జూన్ 12న, బోరిస్ యెల్త్సిన్ రష్యా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఈ రెండు తేదీల మధ్య జరిగినదంతా పన్నుల తగాదా. రష్యాలో వసూలైన పన్నులో యూనియన్‌కి ఎంత పంపాలన్నది మేమే తేలుస్తామని రష్యా ప్రభుత్వం అంది, 1991లో బాగా కోత పెట్టింది. యూనియన్ అధ్యక్షుడు గోర్బచేవ్ జీతాలకి, సైన్యానికి నోట్లు అచ్చువేయాల్సి వచ్చింది. అప్పటికింకా సామాన్య జనం యూనియన్‌ని వద్దనుకోలేదు. 1991 మార్చి 17 ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవాళ్లలో 76 శాతం యూనియన్ ఉండాలన్నారు. అయితే అదే రోజు, అదే పోలింగ్ కేంద్రాల్లో రష్యా ఓటర్లకి మరో చీటీ ఇచ్చారు: రష్యాకి సొంత అధ్యక్షుడు కావాలా? దానికీ అవుననే అన్నారు. ఉమ్మడి కాపురమూ కావాలి, వేరు పొయ్యీ కావాలి! ఆ రెండు చీటీల్లో ఏది గెలుస్తుందో ఆగస్టు తేల్చింది. కొత్త యూనియన్ ఒడంబడికపై సంతకాలకి ఒక్క రోజు ముందు, 19న, పాత కాపులు కుట్రకి దిగారు, మూడు రోజుల్లో చతికిలబడ్డారు. ఆ కుట్రకి ఎదురుగా ట్యాంకు ఎక్కి నిలబడిన యెల్త్సిన్ ఆ తర్వాత యూనియన్ ఖజానాని ఒక్కొక్క తాళం చొప్పున లాక్కున్నాడు.

ఇల్లు పడేసింది పెద్దన్నే అన్న మాటకి గట్టి అభ్యంతరం ఉక్రెయిన్. బాల్టిక్ దేశాల మాట పక్కన పెట్టవచ్చు. 1989 ఆగస్టు 23న మూడు దేశాల మీదుగా దాదాపు ఆరు వందల కిలోమీటర్ల మానవహారం కట్టిన ధైర్యం వాళ్లది, 1991 జనవరిలో విల్నియస్‌లో ట్యాంకుల కింద ప్రాణాలిచ్చారు. కానీ మూడూ కలిపితే యూనియన్ జనాభాలో మూడు శాతం లేరు. వాళ్లు పోయినా ఇల్లు నిలిచేది. ఉక్రెయిన్ అలా కాదు, ఐదు కోట్ల పైన జనం, బొగ్గు, గోధుమ, ఉక్కు. 1991 డిసెంబరు 1న అక్కడ 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు, యెల్త్సిన్ కూడా ఉక్రెయిన్ లేని యూనియన్ ఎందుకన్నాడు. కాబట్టి ఇల్లు కూల్చింది ఉక్రెయినే అనే వాదన తోసిపుచ్చదగ్గది కాదు. కానీ అదే ఉక్రెయిన్ మార్చిలో 70 శాతం ఓట్లతో యూనియన్‌లో ఉంటామంది. ఎనిమిది నెలల్లో ఏం మారింది? కుట్ర జరిగింది, నిజమే. దానికి మించి, ఉమ్మడి కుటుంబం పేరుతో ఇక మిగిలేది పెద్దన్న పెత్తనమేనని తేటతెల్లమైంది. డిసెంబరు 8న బెలారుస్ అడవిలోని వేట బంగళాలో రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ నాయకులు ముగ్గురు కూర్చుని యూనియన్‌కి చెల్లుచీటీ రాశారు. యూనియన్‌కి మార్చిలో 90 శాతం పైన ఓట్లేసిన మధ్య ఆసియా రిపబ్లిక్కుల్ని పిలవనే లేదు. ఆ ఒప్పందం రష్యా పార్లమెంటు ముందుకి వస్తే వ్యతిరేకించినవాళ్లు ఆరుగురు.

చమురు ధర పడిపోవడం, అఫ్ఘాన్ యుద్ధం, చెర్నోబిల్, అమెరికాతో ఆయుధాల పోటీ - ఇవన్నీ కారణాలు కావా అంటే, అయ్యాయి. 1986లో చమురు ధర సగానికి పైగా పడిపోయి ఉండకపోతే పెద్దన్నకి పంపకం ఊసే వచ్చేది కాదేమో. కానీ దరిద్రం దేనికైనా దారితీయవచ్చు. సోవియట్ సాయం ఆగిపోయి క్యూబా అంతకంటే ఘోరంగా మాడింది, ముక్కలు కాలేదు. పేదరికం గోడని బీటలు వారుస్తుంది, బీట ఎక్కడ పడాలో చెప్పదు. సోవియట్ గోడ సరిగ్గా పదిహేను ముక్కలైంది, ఎందుకంటే గీతలు ముందే గీసి ఉన్నాయి. ఒక్కో రిపబ్లిక్కుకి సరిహద్దు, పార్లమెంటు, భాష ఉన్నాయి. ఇష్టమైతే విడిపోవచ్చని రాజ్యాంగం 72వ అధికరణంలో రాసి ఉంది కూడా. ఎవరూ అడగరనే ధీమాతో రాసిన మాట అది. భాషల వారీ గీతలు గీస్తే మనకీ అదే గతి పడుతుందని ఇక్కడ బెంగపడేవాళ్లు ఒక తేడా గమనించాలి. మన రాష్ట్రాల్లో పెద్దదైన ఉత్తరప్రదేశ్‌లో కూడా 1991లో దేశ జనాభాలో ఆరో వంతే ఉంది. వేరుపడితే ఇల్లే లేకుండా చేయగల పెద్దన్న మనకి లేడు.

పంపకాల్లో పెద్దన్నకి ఏం దక్కిందో మన బాకీ కథే చెబుతుంది. సోవియట్‌తో వ్యాపారమంతా రూపాయల్లోనే సాగేది. వాళ్ల యంత్రాలకి, ఆయుధాలకి మనం డాలర్లు వెతుక్కోకుండా సరుకులతో చెల్లువేసేవాళ్లం. ఆ సరుకుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల బ్యారన్లలో కాల్చిన పొగాకు ముఖ్యం. కొనే దేశం మాయమవడంతో తొంభైల మొదట్లో రైతు దెబ్బతిన్నాడు. సరుకు ఆగిపోయినా పాత బాకీ మాత్రం మిగిలింది. 1993 జనవరిలో యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు దాదాపు వెయ్యి కోట్ల రూబుళ్ల ఆ అప్పుని రూపాయల్లోకి మార్చి తేల్చుకున్నారు: 63 శాతం 12 ఏళ్లలో, మిగతా 37 శాతం వడ్డీ లేకుండా 45 ఏళ్లలో. మొత్తం రష్యాకే. యూనియన్ చేసిన విదేశీ అప్పులన్నీ తానే కడతానని, రావాల్సినవీ ఆస్తులూ తనవేనని రష్యా మిగతావాళ్లతో ఖరారు చేసుకుంది. ఐక్యరాజ్యసమితిలో వీటో కుర్చీ అంతకు ముందే తీసుకుంది. ఉక్రెయిన్ పార్లమెంటు ఈ లెక్కకి ఒప్పుకోలేదు. కోక్ ఓవెన్లు గీసిచ్చిన ఖార్కివ్ వాటా కూడా మాస్కో ఖాతాలోనే పడింది. ఒప్పందం ప్రకారం చూస్తే ఆ వడ్డీ లేని భాగం చివరి వాయిదాకి ఇంకా గడువుంది.